తాళం తప్పని రికార్డింగ్

పాటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఏది కొనాలా అని తల బద్దలుకొట్టుకోవడం కూడా ఒక కథేనా అని మూతి విరవకండి. మొదట్లో పిచ్చుక కూడా అలాగే అనుకుంది. ఏదో ఒకటి వేసుకుని నాలుగు పాటలు కట్టుకుంటే సరి, ఇందులో మునిగిపోయేదేముంది అనుకుంది. మునిగింది. తనొక్కతే మునిగుంటే ఏడ్చి ఊరుకునేది. బాబాయ్‌ని కూడా ముంచింది.

పిచ్చుక అన్నది బాబాయ్ పెట్టిన ముద్దుపేరు. చిన్నప్పుడు నిద్రలో తప్ప నోరు మూసేది కాదట, ఎప్పుడూ ఏదో ఒక కూనిరాగం. ఇప్పుడు నలభైకి దగ్గరపడుతోంది. కళ్లజోళ్ల షాపులో చూపు పరీక్ష చేసే ఉద్యోగం, తెల్లకోటు, జేబులో చిన్న టార్చి. షాపులో అందరికీ మేడమే. ఇంటికొస్తే మళ్లీ పిచ్చుకే. కూనిరాగాలు కూడా పోలేదు. ఫోన్లో రికార్డు చేసి దాచుకునేది. వాటి వెనకాల కాస్త వాయిద్యాలు పడితే ఎలా ఉంటుందోనని ఎన్నాళ్లనుంచో ఒకటే ఆశ.

సరే, మొదలుపెట్టేవాళ్లకి ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని ఇంటర్నెట్‌లో వెతికింది. వెతికితే ఏముంది, ఒకడు ఇది కొంటే జన్మ ధన్యమంటాడు, ఇంకొకడు అది కొన్నవాడు బాగుపడినట్టు చరిత్రలో లేదంటాడు. చదివిన కొద్దీ ఉన్న మతి పోయింది. చివరికి తన ఉద్యోగపు తెలివే వాడింది. షాపులో కళ్లకు అద్దాలు మార్చి మార్చి పెట్టి, "ఇది బాగుందా, అది బాగుందా?" అని అడుగుతుంది కదా, అలాగే చేద్దామనుకుంది. కొన్నాళ్లు ఉచితంగా వాడనిచ్చేవి మూడింటిని ల్యాప్‌టాప్‌లో వేసుకుంది. ల్యాప్‌టాప్‌కి తగిలిస్తేనే పలికే చిన్న కీబోర్డు ఒకటి కొనుక్కుంది. అంతా సిద్ధం. తనకు వాయించడం రాదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది మహాతల్లికి.

వాయించడం వచ్చింది బాబాయ్‌కి. ఒక డాన్సు క్లాసులో ఎన్నో ఏళ్లు కీబోర్డు వాయించాడు. పిల్లలు ఎగిరినా పడినా ఆయన తాళం మాత్రం తప్పేది కాదని పేరు. అలాంటి మనిషి ఒక పొద్దున్న పళ్లు తోముకుంటూ బ్రష్ జారవిడిచాడు. మళ్లీ తీద్దామంటే కుడిచేయి రాలేదు. పక్షవాతమన్నారు. ఆసుపత్రి, మందులు, అన్నీ అయ్యాయి. కాలు బాగుపడింది, మాట బాగుపడింది. కుడిచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు మాత్రం చెప్పిన మాట వినడం మానేశాయి. ఇంట్లో ఉన్న కీబోర్డు కళ్లబడితే మనసు పాడవుతోందని డాన్సు క్లాసుకే ఇచ్చేశాడు.

పిన్ని ఆయన్ని రోజూ పొద్దున్నే ఫిజియోథెరపీకి తీసుకెళ్లేది. ఇంటికొచ్చాక బట్టల క్లిప్పులు నొక్కి తీగకు పెట్టడం, మళ్లీ తీయడం. "డాన్సు క్లాసులో రాజులా కూర్చున్నవాణ్ణి, చివరికి బట్టల క్లిప్పులతో ఆడుకుంటున్నానే" అని నవ్వేవాడు బాబాయ్. ఆ నవ్వు చూడలేక పిన్ని వంటింట్లోకి వెళ్లిపోయేది.

పిచ్చుక ఇల్లు పక్క వీధిలోనే. ఒక సాయంత్రం షాపు నుంచి వచ్చి, ల్యాప్‌టాప్, కీబోర్డు చంకన పెట్టుకుని బయల్దేరింది.

"బాబాయ్, నాకు సాఫ్ట్‌వేర్ ఎంచి పెట్టాలి. నువ్వు వాయిస్తే ఏది బాగా పలుకుతుందో చూస్తాను" అంది.

"నా వాయింపుతో ఎంచుకుంటే అన్నీ చెత్తగానే వినిపిస్తాయి కదే" అన్నాడు కానీ, చేయి తుడుచుకుని కూర్చున్నాడు.

మొదటిది తెరిచింది. చూస్తే కరెంటు ఆఫీసులో గోడలా ఉంది, అన్నీ మీటలూ ముళ్లూ. బాబాయ్ ఒక చిన్న చరణం వాయించాడు. రికార్డింగు వినిపించింది. ఎడమచేయి చక్కగా నడుస్తోంది, కుడిచేయి మాత్రం దాని వెనకాల చెప్పు తెగినవాడిలా ఈడ్చుకుంటూ వస్తోంది. పిచ్చుక రెండోది తెరిచింది. అందులో రంగురంగుల డబ్బాలు, చిన్నపిల్లల బొమ్మల్లా ఉన్నాయి. ఈడ్పు మాత్రం అదే. ఆయన చేయి తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇంక చాల్లేవే" అన్నాడు.

"ఒక్కటే బాబాయ్, మూడోది ఒక్కటే. నా బంగారం కదూ."

మూడోది తెరిచింది. అదే చరణం వాయించాడు. రికార్డింగు వినిపించింది.

తాళం గడియారంలా పడింది. ఒక్క స్వరం వెనకబడలేదు. బాబాయ్ తలెత్తాడు. "మళ్లీ పెట్టు" అన్నాడు. మళ్లీ పెట్టింది. "మళ్లీ" అన్నాడు. వంటింట్లోంచి పిన్ని గరిటె పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. "అది మీరేనా?" అంది. బాబాయ్ తలూపాడు. పిన్ని కళ్లు ఒత్తుకుంది. పిచ్చుకకైతే ఎగిరి గంతేయాలనిపించింది. చేయి బాగుపడిందనే అనుకుంది, పాపం నిజంగానే అనుకుంది. ఆ ఒక్క సాయంత్రానికి ఆమె తప్పేమీ లేదు.

తప్పు మర్నాడు మొదలైంది. మధ్యాహ్నం షాపు వెనక గదిలో డబ్బా తెరిచి భోంచేస్తూ, ఆ మూడో సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే వీడియో ఒకటి పెట్టుకుంది. అందులో కుర్రాడు తెగ సంబరంగా చెబుతున్నాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇందులో ఒక గొప్ప సదుపాయం ఉందట. మనం ఎంత అడ్డదిడ్డంగా వాయించినా, రికార్డయ్యేటప్పుడు ప్రతి స్వరాన్నీ అదే లాక్కొచ్చి సరిగ్గా తాళం మీద కూర్చోబెడుతుందట. మనం నొక్కనక్కర్లేదు, ఆ సదుపాయం పక్కనున్న గడిలో ముందునుంచే టిక్కు ఉంటుందట. టిక్కు తీసేస్తే మాత్రం వాయించింది వాయించినట్టే వినిపిస్తుందట.

పిచ్చుక నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. వీడియో వెనక్కి తిప్పి మళ్లీ చూసింది. కుర్రాడు మళ్లీ అదే చెప్పాడు.

సాయంత్రం వెళ్లగానే చెప్పేద్దామనే గట్టిగా అనుకుంది. దారంతా మాటలు కూడబలుక్కుంది. తలుపు తీసింది పిన్ని. వెనకాల బాబాయ్, శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, బల్ల ముందు కుర్చీ లాక్కుని కూర్చుని ఉన్నాడు.

"ఇంత ఆలస్యమా? మధ్యాహ్నం నుంచీ కూర్చున్నానే" అన్నాడు.

పిచ్చుక ల్యాప్‌టాప్ తెరిచింది. రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు ఎప్పుడూ ఒకరోజు దూరంలోనే ఉంటుంది కదా.

రెండు మూడు రోజులయ్యాక బాబాయ్‌కే అనుమానం వచ్చింది. ఎంతైనా పాత చేయి. "ఏమే పిచ్చుకా, వాయిస్తున్నప్పుడు ఈ చిటికెన వేలు వెనకబడుతున్నట్టే ఉంటోంది. తీరా వింటే సరిగ్గా ఉంది. ఇదేం చిత్రం?" అన్నాడు.

అదిగో, దేవుడు తలుపు తెరిచి పెట్టాడు. చెప్పేస్తే పోయేది. పిచ్చుక ఏం చేసిందో తెలుసా? "కంప్యూటర్లోంచి శబ్దం కాస్త ఆలస్యంగా బయటికొస్తుంది బాబాయ్. అందుకే వాయించేటప్పుడు అలా అనిపిస్తుంది. రికార్డింగే నిజం" అంది. కంప్యూటర్లో శబ్దం కాస్త ఆలస్యమవడం నిజమే మరి. సగం నిజం కలిసింది కాబట్టి అబద్ధం గడగడా వచ్చేసింది.

"అదా సంగతి!" అని బాబాయ్ తొడ చరుచుకున్నాడు. "నేనింకా చేతిలోనే ఏదో ఉందనుకుంటున్నా. భయమే నన్ను తినేసిందన్నమాట."

ఉచితంగా వాడుకునే గడువు అయిపోవచ్చింది. నిజానికి పిచ్చుకకి నచ్చింది ఆ కరెంటు ఆఫీసు గోడే. తన కూనిరాగాన్ని అందులో పెట్టి, వెనకాల వీణ లాంటి శబ్దమొకటి కలిపి, మొదటిసారి తన పాట తానే విని మురిసిపోయింది కూడా. కానీ కొన్నది మూడోదాన్ని. బాబాయ్ కోసమే కొన్నానని తనకు తాను సర్ది చెప్పుకుంది. అబద్ధం బాగా చెప్పగలిగేదాన్ని ఏరి మరీ కొన్నానని లోపల ఏదో గుచ్చుతూనే ఉంది.

షాపులో కూడా ప్రశాంతత లేదు. ఒకరోజు ఒక లారీ డ్రైవరు వచ్చాడు. లైసెన్సు కోసం చూపు బాగుందని రాసిమ్మంటాడు. అక్షరాలు చదవమంటే మూడో వరుసలోనే తడబడ్డాడు. "రాసెయ్యండి మేడమ్, ఇన్నేళ్లు నడిపినవాణ్ణి, దారి కళ్లు మూసుకున్నా తెలుసు" అని బతిమాలాడు. పిచ్చుక ఒంటికాలి మీద లేచింది. "మీ మనసు నొప్పించకూడదని నేను బాగుందని రాస్తే, రేపు పోయేది మీ ప్రాణమండీ! కళ్లజోడు పెట్టుకోండి, అప్పుడు రాస్తాను" అంది. డ్రైవరు తల గోక్కుని ఫ్రేములు చూసుకోవడానికి వెళ్లాడు. పిచ్చుక మాత్రం ఆ చీకటి గదిలో స్టూలు మీద కూలబడింది. ఆహా, ఎంత నీతిమంతురాలివే నువ్వు, అని తనను తానే తిట్టుకుంది. ఎవరో ముక్కూ మొహం తెలియని వాడికైతే నిజం చెప్పడానికి నోరు లేచింది. ఎత్తుకుని పెంచినవాడి దగ్గర నీళ్లు నములుతోంది.

ఆ వారంలోనే పిన్ని ఒక మాట చెప్పింది. సంతోషంగానే చెప్పింది, అదే ఇంకా ఘోరం. "నీ పుణ్యమా అని మీ బాబాయ్ మనిషయ్యారే. వేళకి తింటున్నారు, హాయిగా నిద్రపోతున్నారు. ఫిజియోథెరపీ కూడా మానేశారు. చేయి బాగుపడ్డాక ఇంకా ఆ తిప్పలెందుకంటున్నారు. ఆ క్లిప్పులన్నీ నాకు తిరిగిచ్చేశారు, నేను బట్టలారేసుకుంటున్నా."

పిచ్చుక మర్నాడు షాపుకి వెళ్లేదారిలో ఫిజియోథెరపీ క్లినిక్ దగ్గర ఆగింది. అక్కడ వ్యాయామాలు చేయించే అమ్మాయి బాబాయ్ పేరెత్తగానే మండిపడింది. "ఎందుకు మానేశారండీ? కదిలేవి ఈ నెలల్లోనే కదులుతాయి. కాస్త కాస్త వస్తున్నాయి కూడా. ఇప్పుడు వదిలేస్తే ఆ రెండు వేళ్లూ అలాగే బిగుసుకుపోతాయి. తర్వాత మీరు కాళ్లు పట్టుకున్నా నేనేం చేయలేను" అంది.

ఇంత విన్నాక కూడా చెప్పకపోతే మనిషేనా అంటారు. నేనూ అదే అంటాను. కానీ పిచ్చుక చెప్పలేదు. చెప్పకుండానే ఆయన్ని మళ్లీ క్లినిక్‌కి పంపేద్దామని ఎత్తులేసింది. "బాగుపడితే మాత్రం ఏం, బలం కోసమైనా వెళ్లు బాబాయ్" అంది. "బలానికి మీ పిన్ని వంట చాల్లే" అన్నాడు. "పోనీ, వాళ్లు ఒకసారి చూసి బాగుందని చెబితే మాకూ ధైర్యం కదా" అంది. "నీ రికార్డింగు కంటే పెద్ద డాక్టరెవరే?" అని ఆయన బుగ్గ గిల్లాడు. చిన్నప్పుడు గిల్లినట్టే గిల్లాడు, ఎడమచేత్తో. పిచ్చుక ఇంటికొచ్చి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది. ఏడ్చినంత మాత్రాన ఆయన వేళ్లు కదలవని ఆమెకూ తెలుసు. రోజు గడిచిన కొద్దీ ఆ చేయి తన చేతుల మీదుగానే పోతోందని కూడా తెలుసు. అయినా ఆ ఇస్త్రీ చొక్కా గుర్తొస్తే చాలు, చెప్పాలన్న మాట గొంతులోనే ఆగిపోయేది.

ఒక ఆదివారం షాపులో రద్దీ సమయంలో ఫోన్ మోగింది. బాబాయ్.

"పిచ్చుకా, నేను డాన్సు క్లాసులో ఉన్నా. పిల్లల కార్యక్రమానికి నేనే వాయిస్తానని మాస్టారికి మాటిచ్చా. నీకు చెప్పకుండా ఆశ్చర్యపరుద్దామనుకున్నాలే. ఇక్కడేదో తేడాగా ఉంది. నువ్వు ల్యాప్‌టాప్ పట్టుకుని వెంటనే రా."

"బాబాయ్, ఇప్పుడు..."

"రావే బాబూ. పరువు పోయేలా ఉంది."

పిచ్చుక కోటు కూడా విప్పకుండా పరుగెత్తింది. ఇంటికెళ్లి ల్యాప్‌టాప్ తీసుకుని హాలుకి చేరేసరికి ఊపిరి అందట్లేదు. పొడవాటి హాలు, ఒక గోడంతా అద్దం. పిల్లలు గోడవారన కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నారు. మూలన తన పాత కీబోర్డు ముందు బాబాయ్, ఎర్రబడ్డ మొహంతో. డాన్సు మాస్టారు పక్కనే నిలబడి బుజ్జగిస్తున్నాడు.

"పర్లేదన్నా, రికార్డు పెట్టుకుంటాం. మీరు ముందు వరసలో కూర్చుని చూడండి, అదే మాకు గౌరవం."

"నువ్వాగవయ్యా. నేనిచ్చినప్పుడు ఇది బంగారంలా ఉండేది. ఎవరో దీని మెట్లు పాడుచేశారు. నా చేతిలో ఏ లోపమూ లేదు. కావాలంటే మా పిచ్చుకని అడుగు. అదుగో, వచ్చింది." బాబాయ్ మొహం వెలిగింది. "వినిపించవే. మొన్న వాయించామే, అది. మాస్టారు వినాలి. మా అమ్మాయి కళ్ల పరీక్ష చేస్తుందయ్యా, ఉన్నదున్నట్టు చెప్పడమే దాని పని."

పిచ్చుక ల్యాప్‌టాప్‌ని ఆ పాత కీబోర్డు పైఅంచున పెట్టి తెరిచింది. ఆ రికార్డింగు పెడితే చాలు, పిల్లలు చప్పట్లు కొడతారు. పాత కీబోర్డు మీద నెపం పడుతుంది. మాస్టారు కూడా నమ్ముతాడు. బాబాయ్ తలెత్తుకుని ఇంటికెళతాడు. ఆ తర్వాత క్లినిక్ గడప మాత్రం తొక్కడు, ఇక ఎప్పటికీ.

ఆమె ఆ గడిలో టిక్కు తీసేసింది. తెరమీద వరసగా బుద్ధిగా కూర్చున్న స్వరాల గుర్తులన్నీ ఒక్కసారిగా గీతలు దాటి పక్కకు జారిపోయాయి. వినిపించే బటన్ నొక్కింది.

హాల్లో ఇందాక బాబాయ్ పాత కీబోర్డు మీద వాయించినట్టే మళ్లీ వినిపించింది. అదే ఎడమచేయి, వెనకాల ఈడ్చుకుంటూ అదే కుడిచేయి. ఒక పాప కిసుక్కున నవ్వింది. మాస్టారు కళ్లెర్రజేశాడు. బాబాయ్ మాత్రం చివరి స్వరం దాకా విన్నాడు.

"ఇదెప్పటిది?" అన్నాడు.

"అదే బాబాయ్. మొన్నటిదే."

"మరి నేను రోజూ విన్నది?"

"కంప్యూటర్ సరిచేసి వినిపించింది. నువ్వు వాయించింది ఇది."

"నీకెప్పుడు తెలిసింది?"

ఇప్పుడే తెలిసిందని ఒక్క మాట అంటే ఆయన క్షమించేసేవాడు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"మర్నాడే" అంది పిచ్చుక. "ఫిజియో అమ్మాయిని కూడా కలిశాను. ఇప్పుడు మానేస్తే వేళ్లు బిగుసుకుపోతాయని చెప్పింది."

"నీకు చెప్పిందా?"

"చెప్పింది."

బాబాయ్ తన కుడిచేతిని మెట్ల మీద పెట్టి చిటికెన వేలు ఎత్తబోయాడు. అది కొంచెం లేచి పడిపోయింది. "పోయేది నా చేయి కదే. నాకు కదా చెప్పాలి" అన్నాడు. కోప్పడలేదు. గట్టిగా కూడా అనలేదు. పిల్లలందరి ముందూ చెంప పగలగొట్టి ఉంటే పిచ్చుకకి ఇంతకంటే నయంగా ఉండేది.

మర్నాడు క్లినిక్‌కి ముగ్గురూ వెళ్లారు. ఆ అమ్మాయి ఒక్కో వేలూ వంచి చూసింది. ఉంగరపు వేలు వస్తుందేమో చూద్దామంది. చిటికెన వేలు సంగతి అడిగితే తల అడ్డంగా ఊపింది. "మానకుండా వచ్చుంటే వచ్చేదా?" అని బాబాయే అడిగాడు. "చెప్పలేనండీ. వచ్చేదేమో" అంది. పిన్ని పిచ్చుక వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి గోడమీద ఉన్న ఎముకల బొమ్మనే చూస్తూ కూర్చుంది.

క్లినిక్ మెట్లు దిగుతూ పిచ్చుక ఏడుపు ఆపుకోలేక, "ఇంక ఆ ల్యాప్‌టాప్ మీ ఇంటికి తేను బాబాయ్. తీసి అవతల పారేస్తాను" అంది.

"అదేం వద్దు. సాయంత్రం పట్టుకునిరా" అన్నాడు బాబాయ్. "ఎంత వెనకబడుతున్నానో రోజూ వినాలి నేను."

తీసుకెళ్లింది. ఆ రోజూ వెళ్లింది, తర్వాతా వెళుతూనే ఉంది. పిన్ని మళ్లీ పలకరిస్తోంది, ముందులా కాకపోయినా. బాబాయ్ క్లిప్పులు నొక్కుతున్నాడు, జోకులు కూడా వేస్తున్నాడు. పిచ్చుకా అనే పిలుస్తాడు. ఆమె ల్యాప్‌టాప్ తెరిచి, గడిలో టిక్కు తీసేసి, "వాయించు బాబాయ్" అంటుంది. ఆయన వెంటనే వాయించడు. కళ్లజోడు సర్దుకుని, తెర దగ్గరికి వంగి, ఆ గడి నిజంగా ఖాళీగా ఉందో లేదో తనే చూసుకుంటాడు. చూసుకున్నాకే కీబోర్డు మెట్ల మీద చేయి పెడతాడు.